దక్షిణ సూడాన్‌లో క్రైస్తవం పేరుకేనా? అక్కడ ఆరేళ్లు పనిచేసినవారి సమాధానం

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్లు మళ్లీ చెబుతాను. దక్షిణ సూడాన్‌లో ఎక్కువమంది క్రైస్తవులే అంటారు, కానీ పదేళ్లకు పైగా అక్కడివాళ్లు ఒకరినొకరు చంపుకుంటున్నారు, ఆకలితో అలమటిస్తున్నారు. మరి ఆ క్రైస్తవం పేరుకేనా, సహాయం కోసం చేరినవాళ్లేనా అని అడిగారు. మీ సంఘం తరఫున విరాళం పంపాలంటే ఎవరికి పంపాలో కూడా అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. పేరుకు కాదు. సహాయం కోసం చేరినవాళ్లూ కాదు. ఆ దేశంలో ప్రభుత్వం చేరుకోని ఊళ్లలో కూడా నిలబడి ఉన్న వ్యవస్థ చర్చి ఒక్కటే. అయితే ఆ చర్చి యుద్ధాన్ని ఆపలేకపోయింది. తెగల చీలిక చర్చి లోపలికి కూడా వచ్చింది. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ల మాట నమ్మకండి.

నేను గుంటూరు జిల్లా నుంచి వెళ్లి 2012 నుంచి 2018 వరకు ఆ దేశంలో నర్సింగ్, మంత్రసాని విద్య నేర్పాను. ఎక్కువకాలం వావ్ పట్టణంలో, చర్చి నడిపే ఒక ఆసుపత్రిలో ఉన్నాను. తిరిగి వచ్చాక కూడా నా విద్యార్థినులు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నేను మత పండితుల కుటుంబం నుంచి రాలేదు. ప్రసూతి వార్డులోనూ ఆదివారం ఆరాధనలోనూ చూసిందే చెబుతున్నాను.

సహాయం కోసం చేరారా?

ఈ అనుమానం మనకు కొత్త కాదు. 1876–78 కరవులో ఒంగోలు ప్రాంతంలో ఇదే మాట వినిపించింది. అందుకే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరవు ఉన్నంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి పని చూపించారు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దక్షిణ సూడాన్ చరిత్ర ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడ జనం పెద్ద ఎత్తున క్రైస్తవంలోకి వచ్చింది మిషనరీలు ఉన్నప్పుడు కాదు, వెళ్లిపోయాక.

19వ శతాబ్దం మధ్యలో కాథలిక్ మిషనరీలు నైలు నది మీదుగా అక్కడికి చేరారు. వాళ్లలో డేనియల్ కొంబోని పేరు అక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఆఫ్రికాను ఆఫ్రికావాళ్లే నిలబెట్టుకోవాలన్నది ఆయన పట్టుదల. తరువాత వచ్చిన బ్రిటిష్ పాలకులు ప్రాంతాలను మిషన్లకు పంచిపెట్టారు. కాథలిక్కులకు ఒకవైపు, ఆంగ్లికన్లకు ఇంకోవైపు, అమెరికన్ ప్రెస్బిటేరియన్లకు మరోవైపు. ఏ తెగవారు ఏ శాఖవారనేది చాలామటుకు ఆ పంపకం వల్లే స్థిరపడింది. నూయేర్ తెగవాళ్లలో ప్రెస్బిటేరియన్లు, బోర్ ప్రాంతపు డింకా తెగవాళ్లలో ఆంగ్లికన్లు, వావ్ వైపు కాథలిక్కులు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. ఈ విషయం గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

అప్పట్లో ఈ ప్రాంతం సూడాన్‌లో భాగం, రాజధాని ఖార్టూమ్. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దక్షిణాదిలోని విదేశీ మిషనరీలందరినీ, దాదాపు 300 మందిని, వెళ్లగొట్టింది. పోషించే చేయి లేకపోతే చర్చి దానంతట అదే ఎండిపోతుందని పాలకులు అనుకున్నారు. అలా జరగలేదు. అప్పటిదాకా గురువుల (ఫాదర్ల) పక్కన నిలబడి అనువదించిన ఉపదేశులు, బడిపంతుళ్లు ఆ పని భుజాన వేసుకున్నారు. 1983లో షరియా చట్టాలు వచ్చాయి, ఖార్టూమ్‌కూ దక్షిణాదికీ మధ్య రెండో అంతర్యుద్ధం మొదలైంది. అప్పటిదాకా డింకా పశుపాలకుల్లో క్రైస్తవులు చాలా తక్కువ. ఊళ్లు తగలబడి, పశువులు పోయి, పిల్లలు ఇథియోపియా సరిహద్దు దాకా కాళ్లీడ్చుకుంటూ నడిచిన ఆ సంవత్సరాల్లోనే వాళ్లు వేలవేలుగా చర్చిలోకి వచ్చారు. బోర్ ప్రాంతంలో యుద్ధం మధ్య మిగిలిన బిషప్ ఒక్కరే, నథానియేల్ గరాంగ్. ఆయన చెట్ల కింద నిలబడి బాప్తిస్మాలు ఇచ్చారు. పాటల పుస్తకాలు లేవు కాబట్టి యువకులు, స్త్రీలు తమ భాషలోనే పాటలు కట్టుకున్నారు. కూలిన విమానాల లోహాన్ని సాగగొట్టి సిలువలు చేసుకున్నారు. తన దగ్గరే ఏమీ లేని చర్చి ఎవరికి ఏ సహాయం ఆశ చూపగలదు?

ఇంకో సంగతి. యెషయా గ్రంథం 18వ అధ్యాయంలో కూషు దేశం గురించి, నదులు పారే నేల గురించి, ఎత్తయిన మనుషుల గురించి ఉంది కదా. అది తమ గురించే రాసినదని అక్కడివాళ్ల గట్టి నమ్మకం. 2011 జనవరి ప్రజాభిప్రాయ సేకరణలో 98 శాతానికి పైగా విడిపోవడానికే ఓటు వేశారు. జూలై 9న దేశం పుట్టింది. నేను వెళ్లిన మొదటి ఏడాది ఆ అధ్యాయాన్ని చదవని ఆదివారం నాకు గుర్తులేదు.

ఎంతమంది? అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2010 అంచనా ప్రకారం సుమారు 60 శాతం క్రైస్తవులు, మూడో వంతు సంప్రదాయ విశ్వాసాలవాళ్లు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. 2008 తరువాత సరైన జనాభా లెక్కలే జరగలేదు. అందుకని ఎవరైనా ఇంతకన్నా కచ్చితమైన అంకె చెబితే ఎక్కడిదని అడగండి.

ఆదివారం, ఒక నోటుపుస్తకం

అక్కడ చర్చి అంటే భవనం అనుకోకండి. వావ్ చుట్టుపక్కల పల్లెల్లో చాలా చోట్ల అది ఒక చెట్టు. తరచుగా వేపచెట్టే. మన ఊరి వేపచెట్టులాంటిదే, అదే నీడ. బెంచీలకు బదులు మట్టి దిమ్మెలు. డప్పు మోగగానే జనం వస్తారు. మూడు గంటలకు తక్కువ ఆరాధన నేను చూడలేదు. కానుకల వేళ డబ్బు వేసేవాళ్లు కొందరే. గిన్నెడు జొన్నలు, కాళ్లు కట్టిన కోడి, నాలుగు మామిడిపండ్లు, కట్టెల మోపు తెస్తారు. వాళ్ల ప్రధాన ఆహారం జొన్నే. 'అసీదా' అంటే మన సంగటే. 'కిస్రా' అయితే పులిసిన జొన్నపిండితో రుమాలంత పల్చగా పోసే అట్టు. మొదటి వారంలోనే దాని ముందు కూర్చుని ఇంట్లో ఉన్నట్లు తిన్నాను.

గురువు ఏడాదికి ఒకటి రెండుసార్లే రాగలడు. వర్షాకాలంలో దారులే ఉండవు. మిగిలిన వారాలన్నీ నడిపేది ఉపదేశి. జీతం ఉండదు. నాకు బాగా తెలిసిన ఒక ఉపదేశి దగ్గర చెయిన్ తరచూ ఊడిపోయే సైకిలు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బడి నోటుపుస్తకం ఉండేవి. అందులో ముందు పేజీల్లో జ్ఞానస్నానాలు (బాప్తిస్మాలు), వెనక పేజీల్లో మరణాలు రాసేవాడు.

2016 జూన్‌లో వావ్‌లో కాల్పులు మొదలయ్యాయి. రెండు మూడు రోజుల్లో పదుల వేలమంది ఇళ్లు వదిలేశారు. కొందరు ఐక్యరాజ్య సమితి స్థావరం పక్కకు చేరారు, వేలమంది సెయింట్ మేరీ కతీడ్రల్ ఆవరణలోకి వచ్చారు. తెల్లవారుజామున నేను అక్కడికి వెళ్లేసరికి ఆ ఉపదేశి మామిడిచెట్టు మొదట్లో కూర్చుని అదే నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి గీతలు కొట్టుకున్నాడు. ఇంటి పెద్ద పేరు ఒక గడిలో, ఎంతమంది వచ్చారన్నది రెండో గడిలో, ఎవరు రాలేదన్నది మూడో గడిలో. తెగ పేరుకు గడి పెట్టలేదు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. తరువాత సహాయ సంస్థలు వచ్చి సబ్బులు, టార్పాలిన్లు పంచినప్పుడు ముందుగా చూసింది ఆ నోటుపుస్తకాన్నే. మూడో గడిలోని పేర్లను మా విద్యార్థినులు ఆసుపత్రి రిజిస్టరుతో సరిచూశారు. కొన్ని పేర్లు దొరికాయి.

మీ ప్రశ్నకు నా దగ్గరున్న అతి దగ్గరి జవాబు ఆ పేజీయే.

మరి చంపుకోవడం ఎందుకు ఆగలేదు?

ఇక్కడ నిజం చేదుగా ఉంటుంది. యుద్ధకాలంలో ఆ చర్చి పెరిగింది బయటి శత్రువుకు ఎదురుగా. ఎదుట ఖార్టూమ్ ఉన్నంతకాలం అందరిదీ ఒకే బాధ, ఒకే ప్రార్థన. స్వాతంత్ర్యం వచ్చాక శత్రువు లోపలే లేచాడు. 2013 డిసెంబరులో అధ్యక్షుడు సాల్వా కీర్‌కు, ఉపాధ్యక్షుడిగా ఉండి తొలగించబడిన రీక్ మచార్‌కు మధ్య తగవు రాజధాని జూబా వీధుల్లో కాల్పులుగా మారింది. కీర్ డింకా, కాథలిక్. మచార్ నూయేర్, ప్రెస్బిటేరియన్. బ్రిటిష్ వాళ్ల పంపకం గుర్తుంచుకోమన్నాను కదా. తెగ సరిహద్దు, శాఖ సరిహద్దు చాలా చోట్ల ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ తరువాత నూయేర్ విశ్వాసులు జూబాలో ఐక్యరాజ్య సమితి శిబిరాల్లోనే గుడారాల కింద ఆరాధన పెట్టుకున్నారు. గేటు దాటితే ప్రాణం ఉంటుందో లేదో తెలియని రోజులవి.

2018 దాకా సాగిన ఆ యుద్ధంలో నేరుగానో ఆకలి, రోగాల వల్లనో చనిపోయినవారు 4 లక్షలకు దగ్గరగా ఉంటారని లండన్ పరిశోధకుల అంచనా.

మా హాస్టల్లో ఏం జరిగిందో చెబుతాను. అక్కడ అమ్మాయిలందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినేవారు. 2014 జనవరిలో సెలవుల నుంచి తిరిగి వచ్చాక పళ్లేలు రెండయ్యాయి. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. సాయంత్రం ప్రార్థనకు మాత్రం అందరూ కలిసే వచ్చేవారు. ఒక డింకా అమ్మాయి బోర్‌లో చనిపోయిన తన వాళ్ల కోసం ప్రార్థించింది. అందరూ 'ఆమెన్' అన్నారు, ఒక నూయేర్ అమ్మాయి తప్ప. మరుసటి రోజు ఆ అమ్మాయి జూబాలో చనిపోయిన తన అన్న పేరు చెప్పి ప్రార్థించింది. ఈసారి ఆమె ఒక్కతే 'ఆమెన్' అంది.

అప్పుడు నేను తప్పు చేశాను. తరగతిలో అందరి ముందు ఆ ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలపమన్నాను. ఉపాధ్యాయురాలి మాట కాబట్టి కలిపారు. ఆ సాయంత్రం మా హాస్టల్ చూసుకునే పెద్ద సిస్టరు నన్ను పక్కకు పిలిచి, చచ్చిపోయినవాళ్లను ఇంకా పూడ్చనే లేదు, అప్పుడే క్షమించమని అడుగుతావా అని నిలదీసింది. ఆమె మాట న్యాయమే. నూయేర్ అమ్మాయి నెలలోపే వెళ్లిపోయింది. నాలుగేళ్ల తరువాత కెన్యాలోని కకూమా శరణార్థి శిబిరం నుంచి నాకు ఫోను చేసి, ఆ డింకా అమ్మాయి నంబరు అడిగింది. ఇచ్చాను. అంతకుమించి నేనేమీ అడగలేదు.

పెద్దస్థాయిలో కూడా ఇదే గాయం కనబడుతుంది. జూబా ఆర్చిబిషప్‌గా 2019 చివర స్టీఫెన్ అమెయును నియమించినప్పుడు, మా ప్రాంతంవాడు కాదంటూ కొందరు గురువులు, విశ్వాసులు బహిరంగంగా వ్యతిరేకించారు. ఆయనే 2023లో కార్డినల్ అయ్యారు. 2021 ఏప్రిల్‌లో రుంబెక్ పట్టణానికి కొత్తగా నియమితుడైన ఇటలీ బిషప్ క్రిస్టియన్ కార్లసారెను రాత్రివేళ ఇంట్లోకి చొరబడి రెండు కాళ్ల మీద కాల్చారు. ఆ కేసులో శిక్ష పడినవాళ్లలో ఆ మేత్రాసనానికి (బిషప్ పరిధికి) చెందిన ఒక గురువు కూడా ఉన్నాడు. చదువుతూంటే నా గుండె చెరువైంది. కార్లసారె మాత్రం వాళ్లను క్షమించానని చెప్పి, నడవగలిగాక తిరిగి అక్కడికే వెళ్లి పీఠం స్వీకరించారు. 2023 ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిస్ రాకకు ముందు రుంబెక్ యువతీయువకులతో కలిసి జూబా దాకా తొమ్మిది రోజులు నడిచారు. ఆ యువత వేర్వేరు తెగలవాళ్లు.

2019 ఏప్రిల్ 11న వాటికన్‌లో పోప్ ఫ్రాన్సిస్ వంగి కీర్, మచార్‌ల పాదాలను ముద్దు పెట్టుకోవడం మీరు చూసే ఉంటారు. 2023లో ఆయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ, స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ చర్చి మోడరేటర్ ఇయాన్ గ్రీన్‌షీల్డ్స్‌తో కలిసి జూబా వెళ్లారు. మూడు శాఖల పెద్దలు కలిసి రావడంలో అర్థం ఏమిటో పైన చెప్పిన చరిత్ర తెలిస్తే తెలుస్తుంది. అయినా పోప్ దిగడానికి ముందురోజే కాజో కెజి ప్రాంతంలో పశువుల తగాదాలో ఇరవై మందికి పైగా చనిపోయారు.

పశువులు, పెళ్లిళ్లు

బయటివాళ్లు ఈ సంగతి రాయరు కానీ, నా వార్డులో రోజూ ఎదురయ్యేది ఇదే. డింకా, నూయేర్ జీవితమంతా పశువుల చుట్టూ తిరుగుతుంది. తెల్ల ఎద్దును 'మబియోర్' అంటారు, మనుషులకు కూడా ఆ పేరు పెడతారు. కన్యాశుల్కం ఆవులలోనే. అది పెరిగేకొద్దీ పెళ్లి కావలసిన కుర్రాళ్లు పక్క తెగ మందల మీద పడతారు. ఇప్పుడు వాళ్ల చేతుల్లో ఈటెలు కాదు, తుపాకులు ఉన్నాయి. చర్చి బోధ ఈ కట్టుబాటు దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. నలుగురు భార్యలున్న పెద్దమనిషికి బాప్తిస్మం ఇవ్వాలంటే ముగ్గురిని వదిలేయమనాలా? వదిలేస్తే వాళ్లు, వాళ్ల పిల్లలు ఏం తింటారు? భర్త చనిపోతే అతని తమ్ముడు వదినను చేరదీయడం అక్కడ బాధ్యత. చర్చి దాన్ని పెళ్లిగా ఒప్పుకోదు. ప్రసవానికి వచ్చిన ఇలాంటి విధవలు బిడ్డకు జ్ఞానస్నానం ఇస్తారా అని డాక్టరును కాదు, నన్ను అడిగేవారు. ఇస్తారనే చెప్పేదాన్ని. గురువులు ఇచ్చేవారు కూడా.

ఎక్కడ పనిచేసింది?

చర్చి మాట చెల్లిన సందర్భాలున్నాయి. మొదటి అంతర్యుద్ధాన్ని ఆపిన 1972 అడిస్ అబాబా ఒప్పందానికి ప్రపంచ, ఆఫ్రికా చర్చి మండళ్లే మధ్యవర్తులు. 1999లో వున్లిట్ అనే ఊళ్లో చర్చిల మండలి డింకా, నూయేర్ తెగ పెద్దలను, స్త్రీలను కూర్చోబెట్టింది. తెల్ల ఎద్దును బలి ఇచ్చి, చచ్చినవాళ్ల కథలన్నీ రోజుల తరబడి పైకి చెప్పుకోనిచ్చాక ప్రమాణం చేయించారు. ఎద్దు బలి ఏమిటని మనవాళ్లు కొందరు ముక్కు విరుస్తారు. అక్కడి బిషప్పులు విరవలేదు. నైలుకు పడమటి ఒడ్డున ఆ ప్రమాణం చాలాకాలం నిలిచింది. మా సిస్టరు నాకు చెప్పిన పాఠమే అది: ముందు ఏడవనివ్వాలి. టొరిట్ బిషప్ పరిదే తబాన్ పదవి వదిలాక 2005లో కురోన్‌లో శాంతి గ్రామం కట్టారు. పశువులు దొంగిలించుకునే తెగల పిల్లలు అక్కడ ఒకే బడిలో చదివారు. ఆయన 2023లో కన్నుమూశారు.

ఇప్పుడు ఎలా ఉంది?

కష్టం పెరిగింది. 2017లో యూనిటీ రాష్ట్రంలో కరవు ప్రకటించారు. అది వానలు లేక వచ్చింది కాదు, యుద్ధం తెచ్చినది. 2019 నుంచి ఏటా వరదలు, బెంటియు పట్టణం చుట్టూ నీరు నిలిచిపోయింది. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక 10 లక్షల మందికి పైగా సరిహద్దు దాటి వచ్చారు. 2024 ఫిబ్రవరిలో సూడాన్ మీదుగా పోయే చమురు గొట్టం పగిలింది. ప్రభుత్వ ఆదాయంలో దాదాపు అంతా చమురుదే కాబట్టి ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు లేవు. జీతం లేకుండా డ్యూటీకి వెళ్తున్నామని నా విద్యార్థినులు చెబుతున్నారు. 2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో పెట్టారు, ఎగువ నైలు వైపు మళ్లీ పోరు రాజుకుంది. మే నెలలో ఓల్డ్ ఫంగాక్ అనే ఊళ్లో ఆసుపత్రి మీద బాంబులు పడ్డాయి. అదే ఏడాది అమెరికా సహాయం తగ్గించడంతో చాలా క్లినిక్‌లు మూతపడ్డాయి. చర్చి క్లినిక్‌ల ముందు వరుసలు పెరిగాయి, అలమరాల్లో మందులు తగ్గాయి.

ఎవరికి పంపాలి?

మొదట, మీది రిజిస్టరైన ట్రస్టు అయితే మన దేశం నుంచి బయటి సేవకు డబ్బు పంపడానికి చట్టపరమైన పరిమితులున్నాయి. మీ ఆడిటరును అడగకుండా అడుగు వేయకండి.

రెండోది, బృందంగా వెళ్లకండి. నేనున్నప్పుడు విదేశం నుంచి వచ్చిన ఒక బృందం రోడ్డుకు దగ్గరగా ఉందని ఒక తెగ పేటలోనే బట్టలు పంచి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయింది. చర్చివాళ్లు ఆ పేటకే ఇప్పించారన్న మాట పుట్టి, దాన్ని సర్దడానికి మా ఉపదేశికి రెండు నెలలు పట్టింది. ఆ విమాన ఖర్చుతో ఎంతమంది మంత్రసానులు చదువు పూర్తి చేసేవారో ఆలోచించండి.

మూడోది, మీ శాఖకు అక్కడ ఇప్పటికే పాతుకున్న మేత్రాసనమో, ఆసుపత్రో, శిక్షణ సంస్థో ఉంటుంది. దాని ద్వారానే పంపండి. వస్తువులు కాదు, మనుషుల చదువుకు పంపండి. పంపేముందు ఒక్క ప్రశ్న అడగండి: మీ విద్యార్థుల్లో, మీ రోగుల్లో ఎన్ని తెగలవాళ్లున్నారు? వెంటనే, సంకోచం లేకుండా జవాబు చెప్పే చోటు మంచి చోటు.

మీ సంఘం ఏ శాఖకు చెందినదో ఇక్కడే రాయండి. ఆ శాఖవాళ్లు అక్కడ ఏ పట్టణాల్లో ఆసుపత్రులు నడుపుతున్నారో నాకు తెలిసినంతవరకు చెబుతాను.